మల్లిని పంపేయమన్న మా అపార్ట్‌మెంట్ సంఘానికి

అధ్యక్షులు, కార్యదర్శి గార్లకు, మన ఇరవై నాలుగు ఇళ్ళవాళ్ళకు నమస్కారం.

నేను రెండో అంతస్తులో అద్దెకుంటున్న లెక్కల టీచర్ని. పోయిన శనివారం లిఫ్టు పక్కన మీరు అంటించిన నోటీసు చదివాను. "అపాయకరమైన చెవిటి కుక్కను ఈ నెలాఖరులోగా ఇక్కడి నుంచి తొలగించాలి" అని ఉంది. ఫ్లాటు నంబరు వేయలేదు గానీ మన బిల్డింగులో చెవిటి కుక్క ఒక్కటే. దాని పేరు మల్లి, నా దగ్గరే ఉంటోంది.

జవాబు రాసి కార్యదర్శి గారి చేతికిచ్చి ఊరుకుందామనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, మన తిరుపతిలో ఇలాంటి నోటీసు అంటించే బిల్డింగులు ఇంకా ఉన్నాయి. వినపడని కుక్కను చేరదీసి, ఏం చేయాలో తెలియక తల పట్టుకున్న వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకూ పనికొస్తుందని అందరూ చదివేలా రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. సెప్టెంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇంట్లో ఉక్క భరించలేక తలుపు తీసి, మల్లిని వరండా గ్రిల్‌కు కట్టి నేను వంటింట్లోకి వెళ్ళాను. అది గోడకానుకుని నిద్రపోయింది. పై అంతస్తు బాబు మెట్లు దిగుతూ, తెల్లగా బొద్దుగా కనిపించేసరికి ముద్దొచ్చి వెనక నుంచి వీపు మీద చెయ్యేశాడు. మల్లి ఉలిక్కిపడి గిర్రున తిరిగి నోరు పెట్టింది. బాబు ముంజేతి మీద సన్నగా పంటి గీత పడింది. నెత్తురు రాలేదు. కుళాయి కింద పెట్టి పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగాం. వాళ్ళమ్మా నేనూ ఆటోలో రుయా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మల్లికి రేబిస్ టీకా వేయించిన కార్డు నా దగ్గరుంది, అయినా నెత్తురు రాని గీతకు కూడా టీకా వేయించుకోవాల్సిందే. వేయించాం. మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు, మొత్తం నాలుగుసార్లు. నాలుగుసార్లూ నేను వెంట వెళ్ళాను. పది రోజులు మల్లిని గది దాటనివ్వకుండా గమనించాం. దానికేమీ కాలేదు, బాబుకూ ఏమీ కాలేదు.

ఆ తల్లికి ఆ రోజే చెప్పాను, ఇప్పుడు మీ అందరి ముందూ చెబుతున్నాను. తప్పు నూటికి నూరుపాళ్ళు నాది. వినపడని కుక్కను నలుగురు నడిచే దారిలో కట్టేసి పక్కకు వెళ్ళకూడదని నాకు తెలుసు. తెలిసీ ఐదు నిమిషాలే కదా అనుకున్నాను. ఆ రోజు తర్వాత మల్లి ఒక్కసారి కూడా నా చేతిలో పట్టా లేకుండా గుమ్మం దాటలేదు. ఇక దాటదు కూడా.

అయితే ఆ గీత ఎందుకు పడిందో మీరు ఒక్క నిమిషం ఆలోచించాలి. వినపడే కుక్క నిద్రలో ఉన్నా చెవులు నిద్రపోవు. పిల్లాడు పై మెట్టు మీద ఉండగానే చెప్పుల చప్పుడు దానికి చేరుతుంది. ఒక చెవి లేస్తుంది, కన్ను తెరుస్తుంది, ఎవరో చూసి మళ్ళీ తల వాలుస్తుంది. మల్లికి ఆ ముందస్తు కబురు రాదు. చీకట్లో ఒంటరిగా పడుకున్న మనిషి భుజం మీద ఉన్నట్టుండి ఎవరో చెయ్యేస్తే ఎలా ఉంటుందో, దానికి ప్రతి నిద్రా అలాంటిదే. అందులో పగ లేదు, కోపం లేదు. భయం ఉంది. భయాన్ని నేర్పుతో తగ్గించవచ్చు. అదెలాగో ఈ ఉత్తరంలో చెబుతాను.

జనవరిలో కపిలతీర్థం రోడ్డు పక్కన కాలువ గట్టు మీద దొరికింది మల్లి. రెండు నెలల పిల్ల. ఒళ్ళంతా తెలుపు, ఒక కన్ను గోధుమరంగు, రెండోది లేత నీలం. వీధికుక్కల్ని చూసుకునే కుర్రాళ్ళు కొందరు దాన్ని తెచ్చి, నెల రోజులు ఫోస్టర్ చేయగలరా టీచర్ అని అడిగారు. ఫోస్టర్ అంటే పెంపకానికి తీసుకోవడం కాదు. శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా ఉంచుకుని, టీకాలు వేయించి, మనుషుల మధ్య మసలడం నేర్పి, ఆ తర్వాత పంపించేయడం. పుట్టింటి పని లాంటిది. అంతకుముందు రెండు కుక్కపిల్లల్ని అలా సాకి పంపాను. రెండూ నెల తిరక్కుండా వెళ్ళిపోయాయి. మల్లికి పదో నెల నడుస్తోంది. ఇంటికొచ్చి ఎత్తుకుని ముద్దుచేసిన వాళ్ళంతా, వినపడదని చెప్పగానే కిందికి దించేశారు.

వినపడదని నాకూ వెంటనే తెలియలేదు. మూడు వారాలు దాన్ని మొండిది అనుకున్నాను. పిలిస్తే రాదు, వద్దంటే ఆగదు, నేను ఆఫీసు గదిలోంచి అరుస్తుంటే చెప్పు కొరుకుతూ హాయిగా కూర్చుంటుంది. కుక్కర్ విజిల్ వేసినా కదలదు. మా ఇంట్లో పనిచేసే అక్క ఒకరోజు గిన్నెలు తోముతూ, చేతిలోంచి ఇత్తడి బిందె జారి బండ మీద పడితే, పక్కనే ఉన్న మల్లి వైపు చూసింది. అది పడుకునే ఉంది. "దీనికి చెవులు ఇనపడవు మేడమ్. మా చెల్లెలి బిడ్డ చిన్నప్పుడు ఇట్లనే ఉండె. మేం గూడా మొండిది అనుకుని కొడతా ఉంటిమి" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. క్లాసులో వెనక బెంచీలో కూర్చున్న ఎంతమందిని నేను మొండివాళ్ళు అనేశానో.

పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు గారు చేసింది చిన్న పరీక్షే. నేను ముందు కూర్చుని మల్లి మొహం పట్టుకున్నాను. ఆయన దానికి కనపడకుండా, నేల అదరకుండా, గాలి తగలకుండా వెనక తాళాల గుత్తి ఆడించారు, చప్పట్లు కొట్టారు, ఈల వేశారు. చెవి కొస కూడా కదల్లేదు. కచ్చితంగా తేల్చడానికి బేర్ అనే పరీక్ష ఒకటుంది. తల మీద సన్నని తీగలు పెట్టి, ఒక్కో చెవిలో టిక్కు టిక్కుమనే శబ్దం పంపి, మెదడు దాన్ని అందుకుందో లేదో గీతల్లో చూస్తారు. ఆ యంత్రం అన్నిచోట్లా ఉండదు. మల్లి విషయంలో ఆ అవసరమూ కనపడలేదు.

కారణం దాని తెలుపులోనే ఉందని ఆయన వివరించారు. వెంట్రుకకు, చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలో కూడా ఉండాలి. అక్కడ అవి లేకపోతే శబ్దాన్ని పట్టుకునే సన్నని కేశకణాలకు ఆధారం పోయి, పుట్టిన కొద్ది వారాల్లోనే చచ్చిపోతాయి. మళ్ళీ మొలవవు. మందు లేదు, ఆపరేషన్ లేదు. తెల్ల కుక్కలన్నీ చెవిటివి కావు గానీ తెలుపు ఎక్కువున్న జాతుల్లో ఇది ఎక్కువ. డబ్బులు పోసి కొనే డాల్మేషన్లలో, అమెరికాలో పరీక్షించిన వాటిలో దాదాపు 30 శాతానికి ఒక చెవో రెండు చెవులో పనిచేయవు. ఒక్క చెవే పోయిన కుక్కను ఇంట్లోవాళ్ళు కూడా చాలాసార్లు కనిపెట్టలేరు. అంటే మన వీధిలోనే అలాంటివి ఉన్నా మనకు తెలియకపోవచ్చు. మీటింగులో ఒకరు "మెదడుకు ఏదైనా రోగమేమో, మిగతా వాటికి అంటుకుంటుందేమో" అన్నారట. ఇది రోగం కాదు. అంటుకోదు. పిచ్చికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

చెవిటి కుక్కలు కరుస్తాయన్న మాట మనూరిదే కాదు. రెండు చెవులూ వినపడని పిల్లల్ని చంపేయడమే మేలని విదేశాల్లో కుక్కల్ని పెంచే సంఘాలు కూడా చాలాకాలం చెప్పాయి. 2014లో అమెరికాలోని ఇల్లినాయ్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు కుక్కలున్న ఇళ్ళను అడిగి, వినపడనివి, కనపడనివి ఒకవైపు, మామూలువి ఒకవైపు పెట్టి పోల్చి చూశారు. వినపడనివి ఎక్కువ దూకుడుగా ఉంటాయన్న పాత నమ్మకానికి అందులో ఆధారం దొరకలేదు. నేను పరిశోధకురాలిని కాదు, నా దగ్గరున్నది ఒక్క కుక్క. దానితో గడిపిన పది నెలల్లో తెలిసింది చెబుతాను.

మొదటి పాఠం బొటనవేలు. వినపడే కుక్కకు మంచి పని చేయగానే శభాష్ అంటాం. మల్లికి పైకెత్తిన బొటనవేలే శభాష్. కోడి కార్జం ఉడికించి గోరంత ముక్కలు కోసి, చిన్న సంచీలో నడుముకు కట్టుకునేదాన్ని. బొటనవేలు ఎత్తడం, ముక్క నోట్లో పెట్టడం. ఇంకేమీ అడగను. పూటకు ఇరవైసార్లు, రోజుకు మూడు పూటలు. నాలుగో రోజు సాయంత్రం బొటనవేలు ఎత్తేసరికి ముక్క ఇంకా సంచీలో ఉండగానే మల్లి నాలుకతో మూతి తుడుచుకుంది. అర్థమైందన్నమాట. ఆ వేలికి ఒక మాట బరువు వచ్చింది.

రెండోది చూపు. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. వినపడే కుక్క ఎటు తిరిగి ఉన్నా పేరు పెట్టి పిలవచ్చు. మల్లి మనవైపు చూడకపోతే మనం దానికి లేనట్టే. అందుకని అది తనంతట తాను నా మొహం వైపు తిరిగిన ప్రతిసారీ, నేను కూర తరుగుతున్నా పేపర్లు దిద్దుతున్నా సరే, బొటనవేలు, ముక్క. మొదట్లో గంటకు ఒకటి రెండు సార్లు చూసేది. ఇప్పుడు పొద్దున నడకకు వెళ్ళినప్పుడు పదడుగులకోసారి ఆగి వెనక్కి తిరిగి నా కళ్ళలోకి చూసి, ఉన్నావు కదా అన్నట్టు మళ్ళీ నడుస్తుంది. మీలో పొద్దున్నే వాకింగుకు వచ్చేవాళ్ళు దీన్ని చూసే ఉంటారు.

ఆ తర్వాత సైగలు. అరచేయి పైకి లేపితే కూర్చోవాలి. అరచేయి అడ్డంగా పెడితే ఆగాలి. చెయ్యి చాచి గుండెకు తెచ్చుకుంటే రావాలి. రెండు చేతులూ ఖాళీగా చూపిస్తే అయిపోయింది, ఇక లేదు. చేతులు జోడిస్తే నేను బయటికి వెళ్ళొస్తాను. కుక్కలు మామూలుగానే మాటకన్నా చేతి కదలికను తొందరగా పట్టుకుంటాయి కాబట్టి ఇది అనుకున్నంత కష్టం కాలేదు. కష్టమల్లా మనుషులతోనే. నేనొకలా, మా అమ్మ ఇంకోలా చెయ్యి ఊపితే దానికి అవి రెండు వేర్వేరు మాటలు. అందుకే సైగలన్నీ బొమ్మలు గీసి ఫ్రిజ్ మీద అంటించాను. ఇప్పుడు మల్లిని ఇంకో చోట, బోర్డింగులోనో మరో ఇంట్లోనో పడేస్తే ఈ భాష అంతా పోతుందని నా భయం.

ఇక్కడ ఒక సంగతి చెప్పి తీరాలి. పనిచేసే అక్క చెల్లెలి కూతురు మనూళ్ళోని టీటీడీ బధిర పాఠశాలలో చదువుకుంది. ఇప్పుడు పెద్దదైంది. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి నేను మల్లికి నేర్పుతుంటే అరగంట చూసింది. తర్వాత నా ఫోను అడిగి తీసుకుని "మీ చెయ్యి మాట్లాడుతోంది, మొహం మాట్లాడటం లేదు" అని టైపు చేసింది. తనే మల్లి ముందు కూర్చుని, కనుబొమలు ఎత్తి, కళ్ళు పెద్దవి చేసి, నోరంతా నవ్వి బొటనవేలు చూపించింది. మల్లి తోక మాత్రమే కాదు, నడుమంతా ఊగింది. నేను నెలన్నరగా గుడ్లప్పగించి, పరీక్ష హాల్లో కాపలా కాసే టీచరు మొహంతో శభాష్ చెబుతున్నానని అప్పుడు తెలిసింది. మా అమ్మ మల్లితో రోజంతా మాట్లాడుతుంది, వినపడదే అంటే ఊరుకోదు. మాట్లాడేటప్పుడు అమ్మ మొహం కదులుతుంది, అందుకే అది అమ్మను అంత తొందరగా అర్థం చేసుకుందని కూడా ఆ పిల్లే చెప్పింది. మనుషుల్నీ కుక్కల్నీ నేను ఒకే గాటన కట్టడం లేదు. కానీ వినపడని వాళ్ళతో ఎలా ఉండాలో చెప్పాల్సింది వినపడని వాళ్ళే అన్నది ఆ రోజు నేర్చుకున్నాను. పుట్టుకతో వినపడని పసిపిల్లల కోసం శ్రవణం లాంటి కేంద్రం ఉన్న ఊరు మనది. నోటీసులో "అపాయకరమైన" అన్న మాట పక్కన "చెవిటి" అన్న మాట రాసేటప్పుడు మనం కాస్త ఆగి ఉండాల్సింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత మన నోట ఊరికే వచ్చేస్తుంది. శంఖం వినపడకపోవడం వినలేనివాడి తప్పు కాదు కదా, చూసుకోవాల్సింది ఊదేవాడు.

ఇక నిద్రలేపడం. బాబుకు గీత పడ్డాక దీన్ని మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. మెలకువగా ఉన్నప్పుడు భుజం మీద వేలితో తాకి వెంటనే ముక్క. అది ఇష్టమయ్యాక, తల అటు తిప్పుకుని ఉన్నప్పుడు. తర్వాత కునుకుతున్నప్పుడు. ఆ తర్వాత గాఢనిద్రలో. ఒక్క మెట్టూ దాటేయలేదు. అమ్మా నేనూ అక్కా, రోజుకు తలా పదిసార్లు. నిద్రలో ఉంటే ముందు ముక్కు దగ్గర చెయ్యి పెడతాం, వాసనకు లేస్తుంది. లేవకపోతే పడుకున్న దుప్పటి అంచు మెల్లగా కదుపుతాం. నేల మీద కాలితో తడితే ఆ అదురుకు లేస్తుందని చెబుతారు గానీ కింది ఫ్లాటులో పరీక్షలకు చదువుకునే అమ్మాయి ఉందని నేనది మానేశాను. పోయిన వారం నుంచి నిద్రలో భుజం తాకితే మల్లికి ముందు తోక కదులుతోంది, తర్వాత కళ్ళు తెరుచుకుంటున్నాయి. అది మొదటిసారి చూసినప్పుడు అమ్మా నేనూ మాట్లాడలేకపోయాం. అలాగని పిల్లలెవరినీ తాకి చూడమని అనను.

మొరుగుడు గురించి ఫిర్యాదు చేసిన వాళ్ళకు. వినపడని కుక్క కూడా మొరుగుతుంది, తన గొంతు తనకు తెలియదు కాబట్టి గట్టిగానే మొరుగుతుంది. మల్లి మొరిగింది నేను కనపడనప్పుడు. అది నిద్రపోతుండగా చప్పుడు చేయకుండా బడికి వెళ్ళిపోయేదాన్ని. లేచి చూస్తే నేను ఉండను, ఎటుపోయానో వినే దారి లేదు. ఇప్పుడు నిద్ర లేపి, చేతులు జోడించి చెప్పి మరీ వెళ్తున్నాను. రాత్రిళ్ళు కరెంటు పోతే దానికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుందని హాల్లో చార్జింగ్ లైటు పెట్టాను. దూరం నుంచి పిలవాలంటే టార్చి గోడ మీద రెండుసార్లు వెలిగించి ఆర్పుతాను. ఒకరు షాకిచ్చే బెల్టు కొనమని సలహా ఇచ్చారు. అది వద్దు. సెల్‌ఫోనులా సన్నగా అదిరే బెల్టులు వేరే ఉన్నాయి, వాటితో నొప్పి ఉండదు, అదురు తగలగానే మనవైపు చూడటం నేర్పవచ్చు. అది కూడా తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకున్నాకే వాడాలి. చూపుతోనే పని జరుగుతోంది కాబట్టి నేను ఇంకా కొనలేదు.

ఇప్పుడు మీరు చెప్పిన దారుల గురించి. మామండూరు వైపు అడివి అంచున వదిలేస్తే హాయిగా బతుకుతుందని ఒక పెద్దాయన అన్నారు. శేషాచలం అడివిలో చిరుతలు తిరుగుతాయని మనందరికీ తెలుసు. చిరుత అడుగు వినపడే కుక్కకే అందదు. రేణిగుంట రోడ్డులో వదిలితే లారీ హారన్ దానికి వినపడదు. ఎక్కడ వదిలినా ఒక్క రాత్రికి మించి బతకదు. ఇంట్లో ఉన్న జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. సుప్రీంకోర్టే కుక్కల్ని తీసేయమందని మీటింగులో ఎవరో అన్నారట. 2025 నవంబరులో కోర్టు చెప్పింది బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల తిరిగే వీధికుక్కల గురించి. ఇంట్లో, పట్టాతో, టీకాలతో ఉన్న కుక్క గురించి కాదు. సంఘంలో ఎక్కువమంది తీర్మానం చేసినా పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం సంఘాలకు లేదని, లిఫ్టు వాడనివ్వకపోవడం కూడా కుదరదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పెంపుడు జంతువులు వద్దనే అపార్ట్‌మెంట్ నిబంధనలు చెల్లవని 2021లో కేరళ హైకోర్టు చెప్పింది. ఇవి చూపించి మీతో గెలవాలని నాకు లేదు. పక్కపక్కన బతకాల్సిన వాళ్ళం. లిఫ్టులో ఇరుకు కాబట్టి మల్లిని నేను మెట్ల మీదే తీసుకెళ్తాను, ఎవరూ అడగక ముందు నుంచీ అదే చేస్తున్నాను.

మదనపల్లె దగ్గర తోట, ప్రహరీ గోడ ఉన్న ఇల్లు ఒకటి దొరికింది. భార్యాభర్తలు ఇద్దరూ ఇప్పటికి రెండుసార్లు వచ్చి మల్లితో ఒక పూట గడిపి, సైగలన్నీ ఫోనులో వీడియో తీసుకుని వెళ్ళారు. సంక్రాంతి సెలవుల్లో వచ్చి తీసుకెళ్తామన్నారు. అప్పటిదాకా వాళ్ళు నెలకు రెండుసార్లు వస్తారు, వాళ్ళ చేతుల్ని మల్లి నేర్చుకోవాలి. నేను అడుగుతున్నది సంక్రాంతి వరకు గడువు. దాంతోపాటు ఆ నోటీసును తీసేయమని. ఇది వెళ్ళాక మళ్ళీ ఇంకొకదాన్ని తెస్తారా టీచర్ అని మీరు అడుగుతారు. తెస్తాను. అది దాచి సంక్రాంతి దాకా మాత్రమే అని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టు.

మీరు చేయాల్సింది ఎక్కువేమీ లేదు. సెల్లారులో మల్లి కనపడితే హారన్ కొట్టకండి, అది తప్పుకోదు. బండి ఆపి నాకు చెయ్యి ఊపండి, నేను పక్కకు తీస్తాను. మల్లి మెడకు మువ్వ కట్టాను. అది వినపడేది మల్లికి కాదు, మీకు. మలుపులో మువ్వ చప్పుడు వస్తే పిల్లల్ని ఒక్క క్షణం ఆపండి. పట్టా మీద "నాకు వినపడదు, వెనక నుంచి తాకొద్దు" అని పచ్చని గుడ్డ మీద తెలుగులో కుట్టించాను. చదవడం వచ్చిన పిల్లలకు చదివించండి, రానివాళ్ళకు చెప్పండి. వాచ్‌మన్ అన్నకు ఇవన్నీ ఇప్పటికే వచ్చు. ఆయన మల్లి కనపడగానే కుర్చీలోంచి బొటనవేలు ఎత్తుతాడు, అది కూర్చుంటుంది.

దీపావళి రాత్రి మన బిల్డింగులో ఉన్న మిగతా రెండు పెంపుడు కుక్కలు మంచాల కింద దూరి వణికాయని వాళ్ళ ఇంటివాళ్ళు చెప్పారు. వీధిలోవి ఎటు పారిపోయాయో మూడు రోజులు కనపడలేదు. మల్లి మా బాల్కనీలో ముందరి కాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, ఆకాశంలో విరిసే రంగుల్ని రాత్రి పదకొండింటిదాకా చూసింది. లక్ష్మీబాంబు పేలినప్పుడు బండ అదిరితే మాత్రం తల తిప్పి నన్ను చూసేది. నేను బొటనవేలు ఎత్తేదాన్ని. మళ్ళీ ఆకాశం వైపు తిరిగేది.

ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి మల్లిని డాబా మీదికి తీసుకొస్తున్నాను. అందరూ రండి. ఆ బాబును, వాళ్ళమ్మను ప్రత్యేకంగా పిలుస్తున్నాను. రావాలని లేకపోతే రాకపోయినా నేను ఏమీ అనుకోను. వచ్చేవాళ్ళు దానికి ఎదురుగా రండి. నాలుగడుగుల దూరంలో ఆగి, చెయ్యి కిందికి చాచి ఉంచండి, తల మీద చెయ్యి వేయొద్దు. అదే వచ్చి వాసన చూస్తుంది. అప్పుడు మొహం నిండా నవ్వి బొటనవేలు ఎత్తండి. కార్జం ముక్కలు నేను తెస్తాను. మాంసం తాకని వాళ్ళ కోసం ఉడికించిన గెనుసుగడ్డ ముక్కలు కూడా తెస్తాను, మల్లికి అవీ ఇష్టమే.

ఇట్లు,
రెండో అంతస్తు లెక్కల టీచర్,
తిరుపతి